అభిషిక్తుణ్ణి అడగకూడదా?

"దైవజనునికి (అంటే పాస్టరుకి) ఉండాల్సిన 6 లక్షణాలు" అనే వాట్సాప్ మెసేజ్ ఈ వారంలో ఐదోసారి వచ్చింది. పంపినవాళ్లంతా మనవాళ్లే, మంచివాళ్లే. చివర్లో "పదిమందికి పంపితే ఆశీర్వాదం" అని ఉంది కాబట్టి చదవకుండానే పంపుంటారు. చదివిన పాపానికి రాస్తున్నా.

మొదటిది, ఎప్పుడూ తెల్లబట్టలేనట. బాప్తిస్మమిచ్చు యోహాను ఒంటె రోమాల బట్ట కట్టాడు. ఇక పదండి.

రెండోది, తెల్లవారుజామున 4కి లేచి ప్రార్థన. మంచిదే. 4.05కి దాన్ని స్టేటస్ పెట్టకపోవడం ఇంకా మంచిది.

మూడోదే అసలు విషం: "అభిషేకించినవారిని (దేవుడు తన పనికి ఏర్పరచుకున్నవారిని) ముట్టకూడదు, కాబట్టి నాయకుణ్ణి ప్రశ్నించకూడదు." ఆ మాట 105వ కీర్తనలోది. పరాయి దేశాల్లో దిక్కులేక తిరుగుతున్న అబ్రాహాము కుటుంబానికి హాని చేయొద్దని దేవుడు రాజుల్ని గద్దించిన సందర్భం. అంటే బలవంతుడి చేయి పట్టుకు ఆపిన మాటని, బలహీనుడి నోరు మూయడానికి వాడుకుంటున్నాం! ఆ రాజుల్లో అబీమెలెకు ఒకడు. భార్య శారాను చెల్లెలని చెప్పినందుకు "నీవు మాకు చేసిన పనేమిటి?" అని అబ్రాహామును నిలదీశాడు (ఆదికాండము 20). దేవుడు అడ్డుపడలేదు. అబ్రాహాము సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

తనను తరుముతున్న రాజు సౌలు చేతికి చిక్కినా, అభిషిక్తుడని దావీదు చంపలేదు కదా అంటారు. చంపలేదు. కానీ గుహ బయటికొచ్చి, సౌలు బట్టలోంచి కోసిన చెంగు చేత్తో చూపిస్తూ, సౌలు మనుషులంతా వింటుండగా గట్టిగానే అడిగాడు. తర్వాత అదే దావీదు రాజయ్యాక తప్పు చేస్తే, ప్రవక్త నాతాను వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అని మొహమ్మీదే అన్నాడు. అంతియొకయలో పేతురును పౌలు అందరి ముందే తప్పుపట్టాడు (గలతీ 2). ఈ మెసేజ్ రాసినాయన ఉండుంటే పౌలును గ్రూపులోంచి తీసేసుండేవాడు.

నాలుగోది, కానుకల లెక్క దేవునికే చెప్పాలట. యెరూషలేముకి చందా తీసుకెళ్లేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని పౌలు వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8). ఆయనకు లేని మినహాయింపు మనకెక్కడిది? పని కూడా పెద్దదేం కాదబ్బా. ఆరాధన అయిన వెంటనే, అక్కడే బల్లమీద, చుట్టరికం లేని ఇద్దరు కానుకల సంచి విప్పాలి. 500, 200, 100 నోట్లు, చిల్లర విడివిడిగా పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకు. తేడా వచ్చేది ప్రతిసారీ దొంగతనం వల్ల కాదు. మైకు అద్దె, ఆటో కిరాయి సంచిలోంచే ఇచ్చేసి మిగిలింది మాత్రమే రాస్తారు, అక్కడ వస్తుంది. వచ్చింది ఒక పేజీ, ఖర్చు ఒక పేజీ. ఇంటింటా కానుకగా తీసిపెట్టే పిడికెడు బియ్యం కాటా వేసి కిలోల్లో రాయాలి. కోతపండుగకి కానుకగా వచ్చిన పంటల వేలంలో గుమ్మడికాయ పాడినాయన "రేపిస్తా" అంటాడు, పేరు, పాట, కట్టింది, బాకీ అక్కడికక్కడే రాయకపోతే ఆ రేపు రాదు.

ఐదోది, సంఘంలో జనం సంఖ్యే అభిషేకానికి రుజువట. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం అన్నది ఒంగోల్లో అందరికీ నోటికొచ్చు. దానికి ముందటి కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఆ సాయం సాగినన్నాళ్లూ, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ ఆపడం గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరేం?

ఆరోది, విన్న ప్రతి నిందా నమ్మొద్దని. ఇది మాత్రం నిజం, కాదనను. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా సంఘపెద్దమీద ఫిర్యాదు తీసుకోవద్దని పౌలే తిమోతికి రాశాడు. టీ కొట్టు దగ్గర పాస్టరు గారి కొత్త బండి గురించి గుసగుసలాడే మనకి అది గట్టిగానే తగలాలి. కాకపోతే 1 తిమోతి 5లో 19వ వచనంతో మెసేజ్ ఆగిపోయింది. తప్పు చేస్తున్న పెద్దల్ని అందరియెదుట గద్దించమనే 20వ వచనం దాని కిందే ఉంది.