'మాగిన' ఎరువు సంచీ గారికి

మహారాజశ్రీ పశువుల ఎరువు సంచీ గారికి, హన్మకొండ మిద్దె తోటల తరఫున నమస్కారములు.

తమరి ఒంటి మీద 'వంద శాతం మాగినది' అని పచ్చ అక్షరాల్లో అచ్చేసి ఉంది. కుట్టు విప్పి చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా తగిలారు. కళ్లు మండే ఘాటు, రంగైనా మారని వరిగడ్డి పోగులు, చిదిమితే పచ్చి పేడ. మాగిన ఎరువు చల్లగా, నల్లగా ఉండి పొడిపొడిగా రాలుతుంది, తొలకరి మట్టి వాసనేస్తుంది. తమరికి ఆ లక్షణాలు ఇంకా అబ్బినట్టు లేవు.

తమరిని నమ్మి చపాటా మిర్చి నారు పెట్టిన కుండీల్లో మూడో రోజుకే ఆకుల అంచులు మాడాయి. పచ్చి పెంటలోని అమోనియా లేత వేళ్లను కాల్చేస్తుంది మరి. గడ్డి ఎక్కువ పడ్డ కుండీలో మొక్కలు పసుపెక్కాయి. ఆ గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందే లాగేసుకుంటాయి. అన్నం పెట్టడానికి వచ్చి విస్తరే లాక్కుపోయే చుట్టం తమరు! వెంట తెచ్చిన ముళ్లతోటకూర గింజలు, వంకర తిరిగి పడుకున్న వేరుపురుగు అదనం. కోళ్ల పెంట తమరికన్నా ఘాటే, కానీ అది దాచుకోదు. తమరిలో నత్రజని అర శాతం అటూ ఇటూ. ఆ అర శాతానికి ఇంత డాబా?

ఇగ మర్యాద చాలు. ఏంది నీ తొందర? ఊళ్లల్ల పెంటకుప్ప నెలల తరబడి మాగినంకనే, వానలకు ముందట చేన్లకు తోలుతరు. నిన్నేమో కొట్టం కాడ ఎత్తి, నాలుగు దినాలు ఎండబెట్టి సంచిల కుట్టిన్రు. ఎండితే మాగినట్టా? తేమ తగ్గి కుళ్లుడు మందగించింది, అంతే. కుండీల నీళ్లు పడంగనే మళ్ల జోరైతది, మొక్క వేళ్ల మీదనే.

నీ గతి ఇప్పుడు ఇదీ. నీడకు కుప్ప పోసుడు, ఘాటు పట్టుకోను ఎండుటాకులు కలుపుడు, పిడికిట్ల పిండితే చుక్క రాలీ రాలనట్టు తడుపుడు, పైన గోనెపట్టా. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలె, మూడు నాలుగు నెలలు. ఒక్క సంచి కుప్పకు వేడి నిలువది, ఇంకింత ఆలస్యమైనా అయితది. అటెన్క సగం నువ్వు, సగం ఎర్రమట్టి కలిపి మెంతులు చల్లుతం. వారంల పచ్చగ లేస్తేనే నీకు కుండీల చోటు, అదీ మూడు పాళ్లల్ల ఒక్క పాలే.

సంచి అడుగున దొరికిన కంకర మాత్రం ఎన్ని నెలలైనా మాగదు. దాన్ని తూకమేసి అమ్మినోళ్లకే వాపసు పంపుతున్నం, ఎరువు ధరకే.