సవరణ: హార్లెమ్ హిట్ పరేడ్ జూక్‌బాక్సుల లెక్క కాదు

రెండో ప్రపంచ యుద్ధకాలపు జంప్ బ్లూస్ (హుషారైన లయతో సాగే బ్లూస్ సంగీతం) హిట్ల సంకలనం గురించి రాసిన పోస్టులో, 1942–45 మధ్య నంబర్ వన్ పాటలన్నీ జూక్‌బాక్సుల్లో (నాణెం వేస్తే కోరిన పాట వినిపించే యంత్రాలు) ఎన్నిసార్లు మోగాయో చూసి తేల్చినవని చెప్పాను. అది తప్పు. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ 1942 అక్టోబరులో మొదలుపెట్టిన ‘హార్లెమ్ హిట్ పరేడ్’ అనే హిట్ పాటల జాబితాకు ఆధారం, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్ పేటలోని రికార్డు షాపుల అమ్మకాలు. దాని స్థానంలో జూక్‌బాక్స్ లెక్కతో జాబితా వచ్చింది 1945 ఫిబ్రవరిలోనే. ఆ చార్టుల చరిత్ర రాసిన పుస్తకాల్లో ఇది స్పష్టంగా ఉంది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. 1944లో జంప్ బ్లూస్ గాయకుడు లూయీ జోర్డాన్ పాట ‘జి.ఐ. జైవ్’ ఆ జాబితాలో పైకెక్కిందంటే, అది హార్లెమ్‌లో రికార్డు కొన్నవాళ్ల తీర్పు. మెంఫిస్‌లోనో చికాగోలోనో బార్లో నాణెం వేసి పాట విన్నవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. పైగా అవి, రికార్డుల తయారీకి వాడే లక్క కొరతతో రికార్డులే సరిగ్గా దొరకని రోజులు. ఒకే డిస్కును ఎంతోమందికి వినిపించిన జూక్‌బాక్సుల సంగతి అమ్మకాల అంకెల్లో ఎలా కనిపిస్తుంది?

ఇంకొకటి: జోర్డాన్‌దే మరో పాట ‘చూ చూ చ్‌బూగీ’ని కూడా ఆ పోస్టులో యుద్ధకాలపు పాటగా రాశాను. అది కాదు. యుద్ధం ముగిశాక, 1946 జనవరిలో రికార్డయింది. పాత పోస్టులో రెండూ సరిచేశాను.