లియోగారి గోల్డెన్ పేస్ట్

ఆషాఢం ఆఖర్లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక కాగితం అంటించారు. "లియో కోసం గోల్డెన్ పేస్ట్ తయారీ. ఆదివారం ఉదయం 10 గంటలకు, ఫ్లాట్ 502. కుక్కలున్నవారూ లేనివారూ రావచ్చు." లియో అంటే ఐదో అంతస్తు సుజాతగారి లాబ్రడార్. గోల్డెన్ పేస్ట్ అంటే పసుపు ముద్ద.

ఈ మాట లిఫ్టులోనే పైకి అనేశాను. "ముద్ద కాదండీ, పేస్ట్" అని సుజాతగారు సరిదిద్దారు. నోములో వినాయకుడై కూర్చునేది ముద్దట. కుక్క కడుపులోకి వెళ్లేది పేస్టట. యాభై ఏళ్లు నిండినా ఈ తేడా తెలియకుండానే బతికేశాను.

అసలు ఈ పసుపు చేసిన ప్రయాణం చూడండి. నిజామాబాద్ రైతు ఎనిమిది తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పట్టించి, మార్కెట్ యార్డుకి తెచ్చి కాడి (కొమ్ములు) వేరుగా గోళ (దుంపలు) వేరుగా కుప్ప పోసుకుని కూర్చుంటాడు. ధర పలకదు. 2019లో అక్కడి రైతులు గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అని ఏకంగా లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది, అందులో 170 మందికి పైగా రైతులే. బూత్ బూత్‌లో 12 ఓటింగ్ యంత్రాలు వరసగా పేర్చాల్సి వచ్చింది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది లెండి. వీటన్నిటికీ ముందే అదే పసుపు ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడ ఒక పశువైద్యుడు దాన్ని నీళ్లలో ఉడికించి, నూనె, మిరియాలు కలిపి గుర్రాలకీ కుక్కలకీ పెట్టమన్నాడు. గోల్డెన్ పేస్ట్ అని పేరు పడింది. మెల్‌బోర్న్‌లో ఉంటున్న సుజాతగారి అబ్బాయి ఆ పేరు చూసి ముచ్చటపడి వాళ్లమ్మకి ఫార్వర్డ్ చేశాడు. బస్సెక్కితే నాలుగు గంటల్లో వచ్చే పసుపు హైదరాబాద్‌లోని మా 502కి మెల్‌బోర్న్ మీదుగా చేరింది. పన్నెండు యంత్రాలు తేలేని గౌరవాన్ని ఒక కుక్క కుంటికాలు తెచ్చిపెట్టింది.

కాలు అంటే గుర్తొచ్చింది. లియో నాలుగు నెలలుగా వెనక కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదా అని అడిగితే, "వాళ్లంతా కెమికల్స్ ఇస్తారండీ" అన్నారు సుజాతగారు. లియో షాంపూలో ఏముంటుందో నేను అడగలేదు.

ఆదివారం పదిమందిమి చేరాం. ఇండక్షన్ స్టవ్ హాల్లోకి తెచ్చారు. సుజాతగారు చేతులకి గ్లౌజులు తొడుక్కున్నారు. పక్కన బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న కాటా. అరకప్పు పసుపు, కప్పు నీళ్లు, 70 మిల్లీలీటర్ల కొబ్బరి నూనె, రెండు మూడు టీస్పూన్ల మిరియాల పొడి. పసుపూ నీళ్లూ ఏడెనిమిది నిమిషాలు సన్నని సెగ మీద తిప్పాలి. చిక్కబడ్డాక దింపి, గోరువెచ్చగా అయ్యాక నూనే మిరియాలూ కలపాలి. ఫ్రిజ్‌లో రెండు వారాలుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పసుపు వాడుతున్న ఆడవాళ్లు ఆరుగురు పుస్తకాలు తెచ్చుకుని ఇదంతా రాసుకున్నారు.

"అందులో కాస్త చింతపండు గుజ్జు, నాలుగు ఎండుమిరపకాయలు పడితే పులిహోర పులుసే కదుటే" అన్నారు మామ్మగారు లోపలి గదిలోంచి.

"అత్తయ్యా, ఇది మెడిసిన్!"

మిరియం ఎందుకంటే, పసుపులో ఉన్న కర్క్యుమిన్ ఒంటికి పట్టడానికి. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియంలోని పైపెరిన్‌ని జతచేసి చూస్తే మనుషుల్లో అది 2000 శాతం ఎక్కువగా రక్తంలోకి చేరిందని సుజాతగారు ఫోన్ చూసి చదివారు. నిజమే. అందరూ "అబ్బో" అన్నారు. ఎంత మీద 2000 శాతం అని మాత్రం ఎవరూ అడగలేదు. మిరియం లేకుండా చేరింది దాదాపు సున్నా. పైగా కర్క్యుమిన్ పసుపు బరువులో నూటికి మూడు పాళ్లుంటే గొప్ప. ఇంకో చిన్న సంగతి, ఆ పరిశోధనలో ఎలుకలున్నాయి, మనుషులున్నారు. కుక్క ఒక్కటీ లేదు. ఈ ముక్క చెప్పబోయాను గానీ అప్పటికే నాకు వెనక కుర్చీ ఇచ్చారు.

ఇక సేవనం. మొదటి డోసు పావు టీస్పూను. పెరుగన్నంలో కలిపి పెట్టారు. లియో పెరుగన్నం మొత్తం తిని పసుపు ముద్దని గిన్నె మధ్యలో అలాగే ఉంచింది, పిల్లలు ఉప్మాలో కరివేపాకు ఏరిపెట్టినట్టు. బ్రెడ్డులో పెట్టారు. బ్రెడ్డు పోయింది, ముద్ద మిగిలింది. బిస్కెట్టుకి పూశారు. పూయని వైపు నాకింది. ఆ హాల్లో శాస్త్రీయంగా ఆలోచిస్తున్న ప్రాణి అదొక్కటే అని నాకు రూఢి అయింది.

అప్పుడు 304 మూర్తిగారు రంగంలోకి దిగారు. చిన్నప్పుడు దూడలకి గొట్టంతో మందు పోసిన అనుభవం ఉందిట. ఆయన తల పట్టుకున్నారు. సుజాతగారి భర్త దవడలు విడదీశారు. సుజాతగారు చెంచా లోపల పెట్టి "బంగారుకొండ కదూ" అన్నారు. బంగారుకొండ ఒక్క తుమ్ము తుమ్మింది.

తెల్ల కర్టెన్, తెల్ల సోఫా, మూర్తిగారి తెల్ల పంచె, ఆయన మీసం. అంతా శుభకార్యమే. లియో అయితే మంగళస్నానానికి సిద్ధమైన పెళ్లికొడుకులా ఉంది, బుగ్గన చుక్క ఒక్కటే తక్కువ. మామ్మగారు తలుపు దగ్గరికొచ్చి చూసి, "నలుగు పెట్టారా, శుభం" అని వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఫోటోలు తీశారు. మూర్తిగారు మీసం నాకి చూసుకుని మిరియం తగ్గిందన్నారు. సుజాతగారు రెండో చెంచా తీశారు. ఈసారి కుక్క కదలకుండా వెనక నుంచి పట్టుకోవడానికి మనిషి కావాలన్నారు.

మనిషి అంటే మా దగ్గర ఎవరో తెలుసుగా. వాచ్‌మన్ కూతురు శిరీష, ఎనిమిదో తరగతి. కిందికి ఫోన్ చేసి పిలిపించారు. "వెనక కాళ్లు గట్టిగా పట్టుకో తల్లీ" అన్నారు. ఆ పిల్ల పట్టుకుంది. నాలుగు నెలలుగా నొప్పెడుతున్న కాలునే పట్టుకుంది. దానికి చెప్పలేదు కదా ఎవరూ.

లియో మంచిదే. నొప్పి పుట్టి గిర్రున తిరిగింది. పిల్ల ముంజేతి మీద రెండు పళ్లు దిగాయి, నెత్తురొచ్చింది.

ఆ పదిమందిలో ముగ్గురు ఇంజనీర్లు, ఒక లెక్చరర్, ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజర్. ఒక్కరి నోట సబ్బు అన్న మాట రాలేదు. "ఏం పర్లేదు, పేస్ట్ ఉందిగా, నేచురల్ యాంటీసెప్టిక్" అంటూ కుక్క నోట్లోంచి తీసిన అదే చెంచాతో ఆ పిల్ల గాయం మీద పసుపు మెత్తారు. "గాయానికి పసుపు పెట్టడం మీద అమెరికాలో పేటెంట్ తీసుకుంటే మనవాళ్లు కొట్లాడి రద్దు చేయించారు, తెలుసా" అన్నారు లెక్చరర్ గారు.

తెలుసండీ. 1995లో ఇచ్చారు, మన ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ వాళ్లు పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించారు. అది కూరగాయలు కోస్తూ వేలు తెగితే పెట్టుకునే పసుపు. కుక్క కాటుకి కాదు! రేబీస్ వైరస్‌కి మన ప్రాచీన గ్రంథాలంటే భయం లేదు. అది నరం పట్టుకుని మెదడుకి వెళుతుంది. వెళ్లి లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ఈ భూమ్మీద లేదు. నీళ్లు చూస్తే వణికిపోతూ, గుక్క మింగలేక పోతారు. అలా పోకుండా ఆపడానికి కావలసింది మొదట బట్టల సబ్బు, కుళాయి, పదిహేను నిమిషాలు. అంతే! గాయాన్ని ధారగా కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, పసరు, ఏదీ పెట్టకూడదు. ఆ తర్వాత సూది. ఆ రోజొకటి, ఆ రోజుని సున్నాగా లెక్కపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నెత్తురొచ్చిన కాటైతే గాయం చుట్టూ సీరం కూడా ఎక్కించాలి. సర్కారు దవాఖానాలో ఉచితం. కుక్కకి పావు టీస్పూను కూడా తేడా రాకుండా కాటా మీద తూచిన చేతులు, పిల్ల చేతి మీద గుప్పెడు పులిమాయి. గట్టిగా అరిచాను. అపార్ట్‌మెంట్‌లోకి వచ్చిన పదకొండేళ్లలో అలా అరవడం అదే మొదలు.

"మా లియోకి అన్ని వ్యాక్సిన్లూ వేయించాం" అన్నారు సుజాతగారు నొచ్చుకుని. కార్డు తెమ్మన్నాను. గ్రూమింగ్ రశీదులు నెలనెలావి దొంతరగా ఉన్నాయి. రేబీస్ టీకా ఏటా వేయించాలి కదా, ఆ గడిలో ఆఖరి ముద్ర రెండేళ్ల కిందటిది. ఒకవేళ నిన్ననే వేయించి ఉన్నా సరే, కరిచినవాళ్లకి సూది మొదలుపెట్టి, కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాల్సిందే.

అక్కడే సింకు దగ్గర నిలబెట్టి చెయ్యి కడిగించాను. పసుపు ఓ పట్టాన వదలదు. శిరీష వాళ్లమ్మ పనికి పోయింది, నాన్న గేటు వదిలి రాలేడు. రాత్రి దాకా ఆగి చూద్దామన్నారెవరో. ఆటో పిలిచి నారాయణగూడ అన్నాను. "కుక్క కరిచిందా సార్?" అన్నాడు ఆటో అతను. హైదరాబాద్‌లో కుక్క కరిస్తే సూదికి వెళ్లే ఆ అడ్రసు మళ్లీ విడమరచి చెప్పక్కర్లేదు.

సిస్టర్ చెయ్యి పట్టుకుని చూసింది. "గిదేంది, పచ్చగ? ఏం పూసిండ్రు?"

"గోల్డెన్ పేస్టంట మేడం" అంది శిరీష.

"గదేంది?"

"కుక్కది."

సిస్టర్ నా వంక ఒక చూపు చూసింది. పూసింది నేను కాదని చెప్పే ధైర్యం లేకపోయింది. మళ్లీ సబ్బు తెచ్చి మొదటి నుంచీ కడిగింది.

మంగళవారం సుజాతగారు లియోని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. నా అరుపు ఒంటికి పట్టినట్టుంది, మిరియం లేకుండానే. ఎక్స్‌రే తీస్తే తుంటి కీలు అరిగింది. బరువు 46 కిలోలు. ఈ జాతికి ముప్పై అయిదు దాటితేనే ఎక్కువ. పగలంతా టీ బిస్కెట్లు, రాత్రి పెరుగన్నం, ఆదివారం బిర్యానీ ఎముకలు. తిండి తగ్గించండి, రోజూ మెల్లగా నడిపించండి, ఈ మాత్ర ఇంత మోతాదులో వెయ్యండి అన్నాడట డాక్టర్. అయిదు నిమిషాల పని. మధ్యలో తెలిసిన సంగతి, సుజాతగారి భర్త తన మోకాళ్ల నొప్పుల మాత్ర సగం విరిచి అప్పుడప్పుడూ లియోకి వేస్తున్నారు. మనం మింగే నొప్పి మాత్రలు కుక్క కిడ్నీలు తినేస్తాయని డాక్టర్ ఆయన్ని చెడామడా తిట్టాడట. ఆ డాక్టర్ అడ్రసు తీసుకున్నాను, ఎప్పుడైనా వెళ్లి చెయ్యి కలపాలి. పసుపు మాటేమిటని అడిగితే, కూరలో వేసుకోండి అన్నాడట.

బుధవారం శిరీషకి రెండో సూది. వాళ్లమ్మ రెండిళ్లలో పని మానుకుని తీసుకెళ్లింది. రెండిళ్లలో ఒకటి 502. ఆ పూట జీతం కొయ్యలేదని సుజాతగారు లిఫ్టులో నాతో రెండుసార్లు చెప్పారు.

శుక్రవారం శ్రావణ పూజ అని మామ్మగారు అన్ని ఫ్లాట్లకీ ప్రసాదం పంపించారు. మా ఇంటికొచ్చిన స్టీలు డబ్బా మూత తీశాను. పులిహోర. పసుపు నిండుగా పట్టింది. నాలుగు ముద్దలు తిన్నాక మిరియం కాస్త ఘాటుగా తగిలింది. ఆ వెనకే కొబ్బరి నూనె వాసన.