హారన్ మోగని దీవి: ఆ ప్రశాంతత బరువు ఎవరి వీపు మీద?

హైడ్రా అంటే హైదరాబాద్‌లో ముందుగా గుర్తొచ్చేది చెరువు శిఖంలో కట్టిన గోడ ముందు ఆగిన బుల్డోజరు. గ్రీసులో అదే పేరుతో ఒక దీవి ఉంది. అక్కడికి కారు కాదు గదా, సైకిలును కూడా రానివ్వరు. పేరేమో నీళ్లకు సంబంధించినది. ఊరికి మాత్రం నీళ్లు లేవు. తాగునీటిని ఓడల్లో తెచ్చుకుని చాలాకాలం నెట్టుకొచ్చారు. గ్రీకులు ఆ పేరును ‘ఇద్రా’ అని పలుకుతారు. మన ‘హైడ్రా’తో కలగాపులగం కాకుండా ఇక్కడా అలాగే పిలుచుకుందాం.

ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి వేగ నౌకలో గంటన్నర, మహా అయితే రెండు గంటల ప్రయాణం. విస్తీర్ణం దాదాపు 50 చదరపు కిలోమీటర్లు, స్థిరంగా ఉండే జనం రెండు వేల పైచిలుకు. వెళ్లొచ్చినవాళ్లను ఏం నచ్చిందని అడిగితే తెల్లటి ఇళ్లూ నీలి సముద్రమూ తర్వాత చెబుతారు. ముందు చెప్పేది చప్పుడు లేకపోవడం గురించే. గిట్టల టకటక, గుడి గంట, రేవులో పడవ తాడు కిర్రుమనడం విడివిడిగా వినిపిస్తాయి. ఈ మెచ్చుకోలులో తప్పేమీ లేదు. అయితే ఆ నిశ్శబ్దాన్ని కొండలాగో సముద్రంలాగో ప్రకృతి ఇచ్చిందనుకోవడం దగ్గరే పొరపాటు. దాన్ని మనుషులు చట్టం పెట్టి, పశువుల చేత మోయించి, రోజూ తయారు చేస్తున్నారు. తయారైన ప్రతి సరుకులాగే దీనికీ ఖర్చుంది. ఆ ఖర్చంతా పర్యాటకుడి బిల్లులో కనిపించదు.

మొదట్లో అలా ఉండిపోవడానికి కారణం ఆదర్శం కాదు, లేమి. 18వ శతాబ్దం చివర్లో ఇద్రా ఓడల యజమానులు మధ్యధరాలో ధాన్యం వ్యాపారం చేసి బాగా గడించారు. నెపోలియన్ యుద్ధాల సమయంలో బ్రిటిష్ నౌకల దిగ్బంధాన్ని తప్పించుకుని సరుకు చేర్చినవాళ్లకు లాభాల పంట పండింది. రేవు చుట్టూ ఇవాళ ఫొటోల్లో కనిపించే రాతి మేడలు ఆ డబ్బుతో లేచినవే. 1821లో తుర్కుల మీద స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక ఆ వ్యాపార ఓడలే యుద్ధ నౌకలయ్యాయి. అడ్మిరల్ మియావులిస్ ఈ దీవివాడే, ఏటా జూన్ నెలాఖర్లో ఆయన పేరిట ఉత్సవం చేస్తారు. యుద్ధం గెలిచారు గానీ సంపద కరిగిపోయింది. ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప ఓడలకు గిరాకీ పడిపోయింది. మిగిలింది సముద్రంలో మునిగి స్పాంజి తీసే పని. రోడ్డు వేయడానికి, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడానికి చేతిలో డబ్బు లేక ఊరు ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయింది. చిత్రకారులూ రచయితలూ వచ్చింది ఆ పాత ఊరికే. కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్ 1960లో ఇక్కడ ఇల్లు కొన్నది 1,500 డాలర్లకు. అప్పటికి ఆ ఇంట్లో కరెంటు లేదు.

తర్వాత డబ్బు వచ్చింది, రోడ్డు వేసుకునే వీలూ వచ్చింది. వద్దనుకున్నారు. ఇద్రాను ప్రత్యేకంగా నిలిపింది ఈ నిర్ణయమే. చెత్త బండి, అగ్నిమాపక వాహనం, అంబులెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప మోటారు వాహనాలు నిషిద్ధం. ఊరంతా రక్షిత కట్టడాల పరిధిలో ఉంటుంది, కాబట్టి ఇంటి ముందు భాగాన్ని తోచినట్టు మార్చుకునే వీల్లేదు. మన మన్యంలో దారి లేక నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త చదివితే కడుపు మండుతుంది. ఇద్రాలో దారి లేకపోవడాన్ని యూరోలు పోసి కొనుక్కుంటున్నాం. వాళ్లు రోడ్డు వద్దనుకున్నారు. మన మన్యంలో జనాన్ని ఎవరూ అడగకుండానే రోడ్డు రాకుండా పోయింది.

పొద్దున ఎనిమిదింటికి రేవులో కాసేపు నిలబడితే ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది. సరుకు పడవ ఆగుతుంది. సిమెంటు బస్తాలు, ఇసుక, పెంకులు, మంచినీళ్ల కేసులు, హోటలుకు కొత్త ఫ్రిజ్జు దిగుతాయి. పక్కనే కంచరగాడిదలు వరుసగా నిలబడి ఉంటాయి. చెక్క జీనుకు రెండు వైపులా బరువు సమానంగా పడేలా తాడు బిగిస్తారు. ఒక పక్క బస్తా ఎక్కువైతే మెట్ల మలుపులో జీను జారుతుంది, పశువు వీపు ఒరుసుకుని పుండు పడుతుంది. అందుకే అనుభవమున్నవాడు తాడు ముడి కంటే ముందు జీను కింది మెత్త చూస్తాడు. శాంతోరినిలో గాడిదల మీద భారీకాయులైన పర్యాటకులను ఎక్కిస్తున్నారని గొడవ రేగాక, 2018లో గ్రీసు ప్రభుత్వం ఒక హద్దు పెట్టింది: 100 కిలోలు, లేదా పశువు బరువులో అయిదో వంతు దాటకూడదు. 400 కిలోల కంచరగాడిద అనుకుంటే 80 కిలోలు. అంటే 25 కిలోల సిమెంటు బస్తాలు మూడు, జీను బరువు కూడా కలిపి చూస్తే అవీ అంచుకు వచ్చేసినట్టే. 85 కిలోల మనిషి సరదాకు ఎక్కి ఫొటో దిగితే లెక్క తప్పినట్టే.

ఇల్లు బాగుచేయించాలంటే ఎంత అవుతుందో ఈ మూడు బస్తాల లెక్కను బట్టి ఊహించుకోవచ్చు. ప్రధాన భూభాగంలో లారీ గుమ్మం దగ్గర దింపే సరుకు ఇక్కడ లారీ నుంచి పడవకు, పడవ నుంచి పశువు మీదకు, అక్కడి నుంచి మనిషి భుజానికి మారుతుంది. ప్రతి మార్పులోనూ ఒక కూలీ ఉంది. గది అద్దె చూసి గుండె గుభేలుమనేవాళ్లు దీన్ని హోటలువాడి ఆశగా లెక్కేస్తారు. కొంత ఆశా ఉండొచ్చు, కాదనలేం. కానీ చాలా భాగం మోత ఖర్చు. మన దేశంలో దీనికి దగ్గరి పోలిక మహారాష్ట్రలోని మాథెరాన్. మోటారు బళ్లను దూరంగా ఆపిన ఆ కొండ ఊళ్లో గుర్రాలతో పాటు మనుషులూ పర్యాటకులను లాగేవారు. మనిషి లాగే ఆ రిక్షాలను ఆపాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంజిను శబ్దం ఆగిన చోట బరువు మాయమైపోదు, ఏదో ఒక ప్రాణి మీదకు మారుతుంది.

రెండో ఖర్చు ప్రమాదం వచ్చినప్పుడు బయటపడుతుంది. 2024 జూన్‌లో దీవి కొసన బిస్తీ తీరం దగ్గర పైన్ అడవి అంటుకుంది. ఉన్నది ఆ ఒక్క పైన్ అడవే. సముద్రంలో ఆగిన విలాస నౌక నుంచి కాల్చిన బాణసంచా వల్లే మంట రేగిందన్న అనుమానంతో నౌక సిబ్బంది 13 మందిని అరెస్టు చేశారు. అక్కడికి దారి లేక మంటలార్పడం కష్టమైంది. రోడ్డు లేని చోట నిప్పు విషయంలో రెట్టింపు జాగ్రత్త ఉండాలి. వేసవి గాలుల్లో బాణసంచా కాల్చడాన్ని మామూలు తుంటరితనంగా చూడలేం. జబ్బు విషయమూ అంతే. ఊళ్లో ప్రాథమిక వైద్యం దొరుకుతుంది, అంతకు మించితే పడవో హెలికాప్టరో రావాలి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు మెట్లు లేని రేవు అంచునే గది చూసుకోవాలి. ఎత్తు మీది గది బాల్కనీ ఎంత అందంగా ఉన్నా, రోజుకు రెండుసార్లు రెండు మూడు వందల మెట్లు ఎక్కాలంటే రెండో రోజుకే సరదా తీరిపోతుంది.

ఇంత మోసి తయారుచేసే ప్రశాంతత ఎక్కువమందికి అందడం లేదు, అందుకు కారణం వాళ్లు వెళ్లే పద్ధతి. ఏథెన్స్ నుంచి ఒకే రోజులో ఎయినా, పోరోస్, ఇద్రా మూడు దీవులూ చుట్టబెట్టే టూరు బాగా అమ్ముడుపోతుంది. ఆ ఓడ ఇద్రాలో ఆగేది గంట, గంటన్నర. దిగిన వందలమందీ రేవు చుట్టూ ఉన్న అర్ధచంద్రాకారపు నడవలో ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతారు, ఒక కాఫీ, ఒక అయస్కాంతపు బొమ్మ కొని ఎక్కేస్తారు. నిశ్శబ్దం కోసం వచ్చినవాళ్లకు దొరికేది సంత. సాయంత్రం ఆఖరి ఓడలు కదిలాక, మళ్లీ మర్నాడు పది దాకా ఉండేదే అసలు ఇద్రా. రెండు రాత్రులు ఉండలేనివాళ్లు ఈ దీవిని జాబితాలోంచి తీసేయడమే మేలు. రాత్రి బసకు గ్రీసు ప్రభుత్వం వేసే పర్యావరణ రుసుము కూడా ఉంటుంది. 2025 నుంచి ఏప్రిల్–అక్టోబరు మధ్య మూడు నక్షత్రాల హోటల్లో గదికి రాత్రికి 5 యూరోలు, నాలుగు నక్షత్రాలకు 10, అయిదుకు 15. ఇది గది అద్దెలో కలవదు, కౌంటరు దగ్గర విడిగా అడుగుతారు. మోసం చేస్తున్నారని గొడవ పడక్కర్లేదు.

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరేయస్‌కు నీలం రంగు మెట్రో మూడో లైను నేరుగా వెళ్తుంది. గంట ప్రయాణం, టికెట్టు 9 యూరోలు. ఓడ ఎక్కేది ఈ8 గేటు దగ్గర, మెట్రో నుంచి పది నిమిషాల నడక. రేవు చాలా పెద్దది కాబట్టి గేటు నంబరు తెలియకుండా బయల్దేరితే ఓడ తప్పిపోవడం ఖాయం. ఓడ టికెట్టు ఒక వైపుకు సుమారు 40 యూరోలు. ఏజియన్ నడిమి దీవులతో పోలిస్తే ఇద్రా ఉన్న సారోనిక్ జలాలు కాస్త మరుగున ఉంటాయి, జూలై–ఆగస్టుల ఉత్తర గాలి ‘మెల్తేమి’ పోటు ఇక్కడ తక్కువ. అయినా గాలి ముదిరితే పెద్ద నౌకల కంటే ముందు ఈ వేగ నౌకలే ఆగిపోతాయి. తిరుగు విమానం రోజు ఉదయమే దీవి నుంచి బయల్దేరతామనే ప్రణాళిక అందుకే పనికిరాదు. చివరి రాత్రి ఏథెన్స్‌లో ఉండాలి.

సామాను సంగతి అంతకంటే ముఖ్యం. హైదరాబాద్ విమానాశ్రయంలో నున్నగా జారిన 25 కిలోల చక్రాల సూట్‌కేసు రాతి మెట్ల మీద మొదటి మలుపులోనే చక్రం ఊడగొట్టుకుంటుంది. భుజానికి తగిలించుకునే పది కిలోల సంచీ చాలు, మిగతాది ఏథెన్స్ హోటల్లో వదిలేయొచ్చు. రేవులో తోపుడు బండివాళ్లూ గాడిదలవాళ్లూ ఉంటారు, ధర ముందే మాట్లాడుకోవాలి. గది బుక్ చేసే ముందు ‘రేవు నుంచి ఎన్ని నిమిషాలు’ అని అడిగి ఊరుకోకుండా ‘ఎన్ని మెట్లు’ అని అడగాలి. సముద్ర టాక్సీకి పడవ మొత్తానికి ఒకే ధర. ఇద్దరు ఎక్కినా ఆరుగురు ఎక్కినా అంతే కాబట్టి తోడు కలుపుకుంటే కలిసొస్తుంది. ఇసుక తీరం ఆశించి వెళ్తే నిరాశ తప్పదు. గులకరాళ్లు, బండలు, నీళ్లలో సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు) ఉంటాయి. రబ్బరు బూట్లు లేకుండా దిగకూడదు. పడమటి వైపు కామిని పదిహేను ఇరవై నిమిషాల నడక, వ్లిహోస్ మరో ఇరవై. ఎండలో ఆ బాటకు నీడ తక్కువ.

శాకాహారులకు ఒక హెచ్చరిక. గ్రీకులు ఉపవాస కాలంలో తినే వంటలను ‘నిస్తీసిమో’ అంటారు. అందులో మాంసం, గుడ్డు, పాలు ఉండవని విని మనవాళ్లు ధైర్యంగా అడిగేస్తారు. అయితే రొయ్యలు, ఆక్టోపస్, కణవ చేపలు ఆ లెక్కలో ఉపవాస భోజనమే. మాట పట్టుకోకుండా వంటకం పేరు చూసి అడగడం మేలు: పెద్ద బీన్సు గింజల కూర ‘యీగాంతెస్’, కూరగాయలు ఓవెన్లో వండే ‘బ్రియామ్’, ఉడికించిన ఆకుకూర ‘హోర్తా’. బియ్యం కూరిన టమాటాలు ‘యెమిస్తా’ బాగుంటాయి గానీ కొన్నిచోట్ల ఖీమా కలుపుతారు.

ఇక అభిమానం ముదిరి ఇల్లు కొనడం దాకా వెళ్తే ఏమవుతుందో చూడాలి. ఆస్తి కొన్న విదేశీయులకు నివాస అనుమతి ఇచ్చే గ్రీసు గోల్డెన్ వీసా మీద మన నగరాల డబ్బున్నవాళ్లకూ ఆసక్తి ఉంది. 2024లో ఆ పథకం నిబంధనలు మార్చారు. ఏథెన్స్ ఉన్న ఆటికా ప్రాంతం, థెస్సలోనికి, మికోనోస్, శాంతోరినితో పాటు 3,100 మందికి మించి జనాభా ఉన్న దీవుల్లో కనీస పెట్టుబడి 8 లక్షల యూరోలు, మిగతా చోట్ల 4 లక్షలు. కిక్కిరిసిన చోట్ల ఇళ్ల ధరలకు కళ్లెం వేయాలన్నది ఉద్దేశం. శాంతోరినిలో క్రూజు ఓడల నుంచి దిగేవాళ్లకు రోజుకు 8 వేల హద్దు పెట్టాల్సి వచ్చిందంటే అక్కడి పరిస్థితి అర్థమవుతుంది. జనం తక్కువైనా ఇద్రా పాలనాపరంగా ఆటికా కిందికే వస్తుంది, కాబట్టి అక్కడా 8 లక్షలే. కానీ ఈ జనాభా గీతకు ఇవతల పడింది ఆటికా బయటి చిన్న, చప్పుడు లేని దీవులే. అంటే చట్టం తెలిసో తెలియకో నిశ్శబ్దానికి సగం ధర చీటీ అంటించింది. ఈ వీసా కింద కొన్న ఇంటిని పర్యాటకులకు స్వల్పకాలిక అద్దెకు ఇవ్వకూడదన్న షరతు మంచిదే. అయితే అద్దెకు ఇవ్వరు, ఏడాది పొడవునా ఉండరు. అలాంటి ఇళ్లు పెరిగితే జనవరిలో రొట్టెల కొట్టువాడికి బేరం ఉండదు, బడిలో పిల్లలు తగ్గుతారు, కంచరగాడిదల్ని మేపే కుటుంబం కూడా అద్దె భరించలేక ఎదుటి ఒడ్డుకు మకాం మారుస్తుంది. మూడు వారాలు మాత్రమే తలుపు తెరిచే ఆ ఇంటికి కారే పైకప్పు మార్చాలన్నా పెంకులు ఆ కుటుంబం పశువుల మీదే మెట్లెక్కాలి.