రెండు కిలోమీటర్ల చలి

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం సాయంత్రం కెనడాలో చాలా ఊళ్లలో జనం ఉన్ని టోపీలు పెట్టుకుని రోడ్డెక్కుతారు. ఓపికను బట్టి రెండు కిలోమీటర్లో ఐదు కిలోమీటర్లో నడుస్తారు. 2011లో మొదలైన ఈ నడక పేరు ‘కోల్డెస్ట్ నైట్ ఆఫ్ ది ఇయర్’. పేరుకే అతి చలి రాత్రి, అసలు గడ్డకట్టించే రాత్రులు చాలాచోట్ల జనవరిలోనే వచ్చి పోతుంటాయి. నడిచేవాళ్లు బంధువులనూ ఆఫీసులో తోటివాళ్లనూ అడిగి చందాలు పోగుచేస్తారు. ఇల్లు లేనివాళ్లను ఆదుకునే స్థానిక సంస్థలకు ఆ డబ్బు చేరుతుంది.

‘నడిస్తే ఇల్లొస్తుందా?’ అని వెటకారం చేసేవాళ్లున్నారు. మేము ఆ గుంపులో లేము. చలికాలం బయట బతికే మనిషిని ముందుగా దెబ్బతీసేది తడిసిన సాక్సు. పగలు కరిగిన మంచు నీళ్లు బూట్లలోకి దిగుతాయి, రాత్రయ్యేసరికి ఆ తడే గడ్డకట్టడం మొదలవుతుంది. ఆరబెట్టుకోడానికి చోటుండదు. బూట్లు విప్పి పక్కన పెట్టుకుంటే తెల్లారేదాకా ఉంటాయన్న నమ్మకమూ లేదు. వేళ్లు పాలిపోయి, తిమ్మిరెక్కి, చివరికి తీసేయాల్సి రావచ్చు. అలాంటి మనిషికి పొడి సాక్సు జత ఇచ్చి, ఇంత వేడి సూప్ పోసి, కాసేపు కూర్చోనిచ్చే చోటు నడవాలంటే ఎవరో ఒకరు చందా ఎత్తాల్సిందే.

అయితే టొరంటో లెక్క చూడండి. నగరంలో ఇల్లు లేనివాళ్లు 2021లో సుమారు 7,300 మంది, 2024 అక్టోబరు నాటికి 15,000 పైచిలుకు అని నగరపాలక సంస్థే అంచనా కట్టింది. మూడేళ్లలో పెరిగింది చలి కాదు, అద్దె. కొత్త సామాజిక గృహాలకు, అంటే సర్కారు సాయంతో తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం 1993లోనే డబ్బు ఆపేసింది. ఆనాడు కట్టకుండా వదిలేసిన ఇళ్ల కొరత ఇప్పటికీ పీడిస్తోంది. చదువుకని వెళ్లిన మన పిల్లలు ఒక్క బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు సర్దుకుంటున్నారంటే, వాళ్లు అద్దె కడుతున్నదీ ఈ మార్కెట్‌లోనే.

దారి తెలియక కాదు. ‘ముందు తాగుడు మానెయ్, తర్వాత ఇల్లు చూద్దాం’ అనకుండా ముందే తాళంచెవి చేతికిచ్చి చూశారు. 2009 నుంచి 2013 దాకా టొరంటో, వాంకూవర్, మాంట్రియల్ సహా ఐదు నగరాల్లో రెండు వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనమిది. మామూలు సేవలతో సరిపెట్టినవాళ్లకంటే తాళంచెవి అందుకున్నవాళ్లే ఇంటిని ఎక్కువగా నిలుపుకున్నారు. ఇల్లు హక్కని 2019లో చట్టమూ చేసుకున్నారు. చట్టం కాగితం మీద ఉంది, గుడారాలు పార్కుల్లో ఉన్నాయి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంకో మాట. మన వీధిలో ఇల్లు లేనివాళ్లకు షెల్టర్ పెడితే ఇంటి రేటు పడిపోతుందని సంతకాలు సేకరించేవాళ్లలో ఈ టోపీ పెట్టుకున్నవాళ్లూ ఉండొచ్చు. ఏటా నడిచి, చందా ఇచ్చి, ఆ కాగితం మీదా సంతకం పెడితే చందా దేనికి?

అక్కడి తెలుగు కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ నడకకు వెళ్లాలని మా కోరిక. ఫొటో కోసం ముందు వరసలో నిలబడే కౌన్సిలర్ పక్కనే నడవండి. మీ వార్డులో తక్కువ అద్దె ఇళ్లు ఎన్ని కట్టించారు, ఎన్నింటికి అడ్డుపడ్డారు అని అడగండి. రెండు కిలోమీటర్లంటే దాదాపు అరగంట, ఆయన తీరిగ్గా చెప్పొచ్చు.