శంషాబాద్‌లో దిగగానే బయలుదేరకండి

అమెరికా నుంచి ఊరికి రావాలనుకున్న రోజు నుంచి మనవాళ్లు చూపించే శ్రద్ధ ముచ్చటగా ఉంటుంది. దోహాలో ఆగితే మేలా, దుబాయ్‌లోనా, పిల్లలకు కిటికీ పక్క సీటు దొరుకుతుందా, 23 కిలోల పెట్టెలో ఇంకా ఎన్ని గ్రాములకు చోటుంది, ఇవన్నీ మూడు నెలల ముందే తేలిపోతాయి. పెట్టెను తూకం మీద పెట్టి, తీసి, బాదం పొట్లం ఒకటి తగ్గించి, మళ్లీ పెడతారు. మరి శంషాబాద్ నుంచి ఊరికి? “కారు మాట్లాడాం, వచ్చేస్తుంది.” అంతే. సగం భూగోళం దాటడానికి అంత లెక్క, విజయవాడ దాకా మిగిలిన దాదాపు 280 కిలోమీటర్లకు ఒక్క ఫోను. మొత్తం ప్రయాణంలో ప్రాణం మీదకు తెచ్చేది ఆ 280 కిలోమీటర్లే. అర్ధరాత్రి దాటాక దిగి, ఆ రాత్రే రోడ్డెక్కే అలవాటును మానుకోవాలి. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు కొన్ని రాత్రి 2, 3 గంటల మధ్య దిగుతాయి. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ అయి బయటికొచ్చేసరికి 4 దాటుతుంది. మనిషి శరీరం నిద్రకు పూర్తిగా లొంగిపోయే వేళ 2 నుంచి 6 గంటల మధ్య అని విమానయాన రంగం ఎప్పుడో గుర్తించింది. పైలట్ల పని వేళల నిబంధనలు రాసింది దాన్ని దృష్టిలో పెట్టుకునే. సరిగ్గా ఆ వేళకే మనం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, 65వ నంబరు జాతీయ రహదారి మీదకు వస్తాం. పంతంగి టోల్‌గేటు దాటితే తిన్నని రోడ్డు, ఖాళీ రోడ్డు. “రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటుంది, హాయిగా వెళ్లిపోవచ్చు” అంటారు కానీ, ఖాళీ రోడ్డంత జోలపాట మరొకటి లేదు. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 110 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. ఆ 110 మీటర్లలో వెనుక దీపాలు లేకుండా రోడ్డు వారగా ఆగిన లారీ ఒకటి ఉంటే చాలు.

ఇక దిగినవారి సంగతి. డాలస్ నుంచి వేసవిలో వచ్చినవాడికి ఇక్కడి తెల్లవారుజాము 3 గంటలు అక్కడి సాయంత్రం నాలుగున్నర. అందుకే విమానాశ్రయంలో కళ్లు విప్పార్చుకుని చలాకీగా తిరుగుతాడు. “నాకసలు నిద్రే రావడం లేదు, కారు నేనే నడుపుతాను” అని బావమరిది చేతిలో తాళాలు లాక్కునేది కూడా అతనే. నమ్మకండి. ఒంట్లోని గడియారం సాయంత్రమని చెబుతున్నా, రెండు విమానాల్లో మెడ వాల్చి తీసిన కునుకులు తప్ప అతనికి ముప్పై గంటలుగా నిద్ర లేదు. ఆ బాకీ ఎప్పుడు మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఏళ్ల తరబడి రోడ్డుకు కుడి పక్కన నడిపిన చేతులు. ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఆ చేతులు ఆలోచించి తిరగవు, అలవాటు కొద్దీ తిరుగుతాయి.

అటు వెళ్లేటప్పుడూ ఇదే కథ తిరగబడుతుంది. వేసవిలో షికాగోలో మధ్యాహ్నం 3కి దిగిన కొత్త విద్యార్థికి హైదరాబాద్ లెక్కన అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. అక్కడినుంచి సెయింట్ లూయిస్‌కు ఇంకా 480 కిలోమీటర్లు. తీసుకెళ్లడానికి వచ్చిన సీనియర్ ముందు రాత్రి ఏదో దుకాణంలో డ్యూటీ చేసి ఉంటాడు. అతని నిద్ర గురించి అడిగేవాళ్లు ఇంట్లో ఒక్కరూ ఉండరు. “చేరగానే ఫోను చెయ్యి నాన్నా” అని మాత్రం పదిసార్లు చెబుతారు.

ఎదుటివారి మాట వినకుండా పోను. అమ్మ ఎదురుచూస్తోంది, పిల్లలు ఏడుస్తున్నారు, పగలైతే ఎండ, ట్రాఫిక్, ఈ పెట్టెలన్నీ మోసుకుని హోటల్‌కు ఎవరెళతారు, పైగా ఆ ఖర్చొకటి. అన్నీ నిజమే. కానీ మనిషికి లక్షకు పైగా పోసి టికెట్టు కొన్న కుటుంబం నాలుగు వేల గది దగ్గర లెక్కలు చూసుకోవడం నాకు అర్థం కాదు. అమ్మ సంగతంటారా, రెండేళ్లు ఎదురుచూసిన మనిషికి ఇంకో పూట బరువు కాదు.

నాకూ ఇది అనుభవం మీదే తెలిసింది. కొన్నేళ్ల కిందట అక్కా బావగార్లను తీసుకురావడానికి విజయవాడ నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాను. తిరుగుప్రయాణంలో నకిరేకల్ దాటాక డ్రైవరు అద్దం దించాడు. చలిగాలి రివ్వున కొట్టింది. కాసేపటికి పాటల శబ్దం పెంచాడు. ఆ తర్వాత సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని, ఒక చేత్తో స్టీరింగు పట్టుకునే ముఖం తుడుచుకున్నాడు. వెనక సీట్లో అందరూ నిద్ర. నన్ను చూడకుండానే అన్నాడు: “ఏమన్నా మాట్లాడుతూ ఉండండి సార్.” చివరిసారి ఎప్పుడు పడుకున్నారని అడిగాను. ముందు రోజు రాత్రి తిరుపతి నుంచి వచ్చాడట. పగలు ఇంట్లో బంధువులు. మా కోసం విమానాశ్రయం పార్కింగులో, సీటు వెనక్కి వాల్చి, రెండు గంటలు కునుకు తీశాడట. సూర్యాపేటలో కారు ఆపించి, తెల్లగా తెల్లారేదాకా ఆయన్ను పడుకోమన్నాను. బావగారు విసుక్కున్నారు. విజయవాడలో సామాను దించి, కాఫీ తాగి, ఆయన మళ్లీ హైదరాబాద్ బయలుదేరాడు. రాత్రి 2 గంటలకు ఇంకో విమానం ఉందట.

నా అసలు గొడవ ఇక్కడుంది. విమానం దిగినవాడి బడలిక గురించి అందరూ మాట్లాడతారు, దానికి జెట్‌లాగ్ అని ఒక పేరు కూడా ఉంది. ఆ పక్కనే కూర్చుని బండి నడిపేవాడి బడలికకు పేరు లేదు. అదే ప్రయాణంలో విమానం నడిపినవాళ్లను చూడండి. పద్నాలుగు, పదిహేను గంటల దూరానికి సాధారణంగా నలుగురు పైలట్లు ఎక్కుతారు. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు విశ్రాంతి తీసుకుంటారు, వాళ్లకు విమానంలోనే పడకలుంటాయి. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనల్లో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది. దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకోక 2025 డిసెంబరులో ఇండిగో వేలాది విమానాలు రద్దు చేస్తే దేశమంతా పైలట్ నిద్ర గురించి చర్చించింది. మంచిదే. అదే విమానాశ్రయం బయట వరుసగా ఆగిన కార్లలో ఎంతమంది డ్రైవర్లు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నారో ఏ టీవీ అడగలేదు.

చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని ఎప్పుడో రాసింది, 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతి దాని స్థానంలోకి వచ్చేదాకా అదే అమల్లో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్ కూడా డ్రైవర్ల పని గంటల గురించే. 2020లో కేంద్రం యాప్ ట్యాక్సీలకు మార్గదర్శకాలిస్తూ డ్రైవరు రోజుకు 12 గంటలు మించి లాగిన్‌లో ఉండకూడదంది. సందు చివర నాలుగు కార్లు పెట్టుకున్న ట్రావెల్స్ ఆయనకు యాప్ లేదు, లాగిన్ లేదు, లెక్క రాసే పుస్తకం కూడా లేదు. ఐరోపాలో లారీ, బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. బండిలోని యంత్రమే ఆ లెక్క రాసుకుంటుంది. మన దగ్గర ఆ లెక్క రాసుకునేది డ్రైవరు కళ్ల కింది నలుపే.

తాగి నడిపేవాణ్ని పట్టుకోవడానికి అర్ధరాత్రి రోడ్డు మధ్యలో బారికేడ్లు పెడతాం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. 1997లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఆస్ట్రేలియా పరిశోధకుల ప్రయోగం చెప్పిందేమిటంటే, 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం 50 మిల్లీగ్రాములు ఎక్కినవాడి స్థాయికి పడిపోతుంది. 24 గంటలైతే అది దాదాపు 100 మిల్లీగ్రాములతో సమానం. అంటే ఆ రోజు మా కారు నడిపిన మనిషి చుక్క ముట్టకుండానే చట్టం గీసిన గీతను ఎప్పుడో దాటేశాడు. ఏ గొట్టంలో ఊదించినా సున్నాయే వస్తుంది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. మంచం ఉందా, స్టీరింగు ఉందా అని నిద్ర చూసుకోదు. ‘రాత్రంతా కన్ను మూయకుండా నడిపాడు’ అన్నది మాత్రం మన ఊళ్లలో ఇప్పటికీ మెచ్చుకోలే.

తమిళనాడు ప్రభుత్వం 2023లో భవన నిర్మాణ నిబంధనలు సవరించి, హోటళ్లు, లాడ్జీల్లో డ్రైవర్లకు పడక వసతి కల్పించాలంది. రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని యథాతథంగా తెచ్చుకున్నా నష్టం లేదు. మనం గదిలో ఏసీ కింద పడుకుని డ్రైవరును కారులో దోమలకు వదిలేస్తే, పొద్దున బయలుదేరినా ఒరిగేదేమీ లేదు.

ప్రభుత్వాలు కదిలేలోగా ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. కుదిరితే ఉదయం దిగే విమానం చూసుకోవాలి. కుదరకపోతే విమానాశ్రయానికి దగ్గరలో రెండు గదులు తీసుకోవాలి, రెండోది డ్రైవరుకు. ఆయన్ను ముందు సాయంత్రమే రప్పించి పడుకోబెట్టి, తెల్లవారాక టిఫిను చేసి 9కి బయలుదేరితే మధ్యాహ్నం రెండింటికల్లా బెజవాడలో ఉంటారు. దిగినవాళ్లు మాత్రం స్టీరింగు ముట్టకూడదు, ఎందుకంటే ఆ మధ్యాహ్నం వాళ్ల ఒంటికి అర్ధరాత్రి. లేదా పొద్దున్నే గన్నవరం వెళ్లే విమానం ఉంది. అదే టికెట్టులో కలిపి తీసుకున్నా, పెట్టెలు హైదరాబాద్‌లోనే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, వాటిని ఎక్కడ తీసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఈసారి అక్కా వాళ్లు వస్తున్నారంటే ట్రావెల్స్‌కు ఫోను చేశాను. ఏసీ గురించి, పైన క్యారియర్ గురించి ఆయనే గడగడా చెప్పాడు. ముందు రోజు డ్రైవరుకు డ్యూటీ ఉందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. “ఉంది సార్, కానీ వాడికి అలవాటే” అన్నాడు. ఇద్దరు డ్రైవర్లను పంపమన్నాను. 1,500 ఎక్కువవుతుందన్నాడు. అక్కడ అదనంగా ఇంకో పెట్టె వేయడానికి విమాన సంస్థకు అక్క కట్టింది దానికి ఎన్నో రెట్లు, దానికెవరూ నోరు మెదపలేదు. ఈ 1,500 సంగతి చెప్పగానే బావగారు అమెరికా నుంచి ఫోను చేశారు, “అంత అవసరమా?” అని.