కుండీలకు తలంటు

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మిద్దెక్కేవాడికి ఏదో బలమైన కారణమే ఉండాలి. ఇంటాయనకు ఉంది. పోయినేడు నారుకుళ్లు తెగులొచ్చి టమాటా నారంతా పడిపోయిన మట్టి కుండీలు తొమ్మిది పిట్టగోడ పక్కన బోర్లా పడి ఉన్నాయి. మృగశిర వచ్చేలోగా వాటికి తలంటాలని లుంగీ ఎగగట్టాడు. లుంగీ కొత్తది. మొదటి పొరపాటు అదే.

రెండోది, సరాసరి బ్లీచింగ్ పౌడర్‌తో మొదలెట్టడం. కుండీకి మట్టీ వేళ్లూ అంటుకుని ఉండగా మందునీళ్లలో ముంచితే, క్లోరిన్ ఆ మట్టితో కుస్తీ పట్టి అక్కడే అలిసిపోతుంది. కుండీ గోడ సందుల్లో దాక్కున్న తెగులు దాకా వెళ్లే ఓపిక దానికి మిగలదు. ముందు కుండీ ఆరాలి, ఎండుమట్టి తట్టి దులపాలి, అడుగు బెజ్జంలో ఇరుక్కున్న వేళ్లను పుల్లతో పొడిచి తీయాలి, ఆ తర్వాత కొబ్బరి పీచూ సబ్బునీళ్లూ. అదంతా గంట పని. బకెట్లో పొడి కలపడం నిమిషం పని. ఏది ముందు జరిగిందో వేరే చెప్పాలా?

ఎండిన కుండీని బకెట్లో దించగానే ఒళ్లంతా సన్నటి బుడగలు లేచాయి. చెవి దగ్గర పెడితే సుయ్‌మని చప్పుడు కూడా.

"చూశావా, క్రిములు ఎలా గిలగిల్లాడుతున్నాయో!"

"అది గాలండీ. మంచినీళ్లలో ముంచినా అంతే" అంది ఇంటావిడ, వడియాలు తిరగేస్తూ. నిజమే. ఎండిన మట్టి కుండీ దాహంతో ఉంటుంది, ఏ నీళ్లు ముందు అందితే అవే తాగేస్తుంది. అందుకే ముందుగా మామూలు నీళ్లు పట్టించాలి, లేకపోతే మందంతా లోపలికి పీల్చేసుకుంటుంది.

మూడో కుండీకి బకెట్ కాఫీ రంగుకు తిరిగింది, ఘాటు పోయింది. మందు చాలలేదనుకుని ఇంకో దోసెడు పొడి గుమ్మరించాడు. అయినా కుండీల మీద తెల్ల చారలు పోలేదు. పోవు మరి. అవి బూజు కాదు, బోరు నీళ్లలోని, ఎరువుల్లోని లవణాలు గోడగుండా చెమటలా పైకొచ్చి పేరుకున్నవి. వాటికి ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నీళ్లు, అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దడమే మందు. అయితే దానికి వేరే బకెట్ కావాలి. ఆయనేమో మంచూరియాకని తెచ్చిన వెనిగర్ సీసాని ఆ బ్లీచింగ్ నీళ్లలోనే బోర్లించాడు.

ఈతకొలను వాసన గుప్పుమంది. కళ్లు మండాయి, దగ్గుకు ఊపిరాడలేదు. బ్లీచింగ్‌లో ఏ పులుపు పడ్డా, బాత్రూం కడిగే యాసిడ్ పడ్డా వచ్చేది క్లోరిన్ వాయువే. ఆరుబయట కాబట్టి ఆయన నీళ్ల ట్యాంకు అవతలికి పరిగెత్తగలిగాడు. స్నానాలగదిలో తలుపేసుకుని చేసుంటే ఇది హాస్య వ్యాసం అయ్యేది కాదు.

గాలి తేటపడ్డాక, ఈసారి ఇంటావిడ పెత్తనంలో, కొత్త ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. ఇనప బకెట్ వాడితే తుప్పు పడుతుంది. వంటింటి తూకం మీద కొలిచి, 10 లీటర్లకు 160 గ్రాముల పొడి. ఆ కొలత 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడికి. నిరుడు మూత తీసి వదిలేసిన పొట్లంలో మిగిలేది సున్నమే. కడిగిన కుండీలు అందులో అరగంట ఉండాలి, తర్వాత రెండుసార్లు మంచినీళ్లలో నానాలి, వాసన పోయేదాకా ఎండాలి.

ఆయన అన్నీ పాటించాడు, ఒక్కటి తప్ప. పొడి కలిపాక కాసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లే వంచుకోవాలి. ఆయన చీపురుకట్టతో బాగా గిలక్కొట్టాడు. సాయంత్రానికి తొమ్మిది కుండీలూ సంక్రాంతికి వెల్ల వేసిన అరుగుల్లా మెరిశాయి.

కిందికి దిగొస్తుంటే ఇంటావిడ ఆయన్ని వెనకనుంచి చూసింది. నీలం లుంగీ మీద మోకాళ్ల దాకా తెల్లటి చుక్కలు, అంచులు పసుపు తిరిగి.

"ఏమండీ, ఈ మచ్చ తెగులుకి ఏం కొట్టాలి?"